ఎన్‌వైయూ స్టెర్న్, రట్గర్స్ బిజినెస్ స్కూల్: రెండింట్లో దేనికి డబ్బు పెట్టాలి?

ముందే నా తీర్పు చెప్పేస్తాను, తీరిక ఉన్నవాళ్లు కారణాలు కింద చదవండి. మీరు న్యూజెర్సీలో ఉంటూ, భార్యాభర్తల జీతాల మీద ఇల్లు నడుస్తూ, పిల్లలకి ఎన్‌వైయూ స్టెర్న్‌లోనూ (న్యూయార్క్ యూనివర్సిటీ బిజినెస్ స్కూలు, ప్రైవేటు) రట్గర్స్ బిజినెస్ స్కూల్‌లోనూ (న్యూజెర్సీ ప్రభుత్వ యూనివర్సిటీది) డిగ్రీ సీటు వచ్చి, స్టెర్న్ నుంచి చెప్పుకోదగ్గ సాయం ఏమీ రాకపోతే, రట్గర్స్‌లో చేర్చండి. దీనికి మినహాయింపు ఉంది, అదీ రాస్తాను, కానీ ఆ మినహాయింపులోకి వచ్చే ఇళ్లు మనం అనుకునేదానికంటే చాలా తక్కువ.

మా పెద్దమ్మాయికి రెండు చోట్లా సీటు వచ్చింది. ఇంట్లో చాలా మాటలు నడిచాక రట్గర్స్‌లో చేరింది, ఇప్పుడు జూనియర్, అంటే మూడో ఏడాది. హైస్కూల్లో తన ప్రాణ స్నేహితురాలు అదే ఏడాది స్టెర్న్‌లో చేరింది. సెలవులకి వచ్చినప్పుడు ఇద్దరూ మా ఇంట్లో కూర్చుని క్లాసుల గురించీ ఇంటర్న్‌షిప్‌ల గురించీ మాట్లాడుకుంటుంటే వింటాను, అడగాల్సినవి అడుగుతాను, అందుకే రెండు వైపులా కాస్త దగ్గరగా చూడగలిగాను. నేను పనిచేసేది అకౌంట్స్‌లో, కాబట్టి ఈ రివ్యూలో లెక్కలు కొంచెం ఎక్కువే ఉంటాయి.

డబ్బుతోనే మొదలుపెడదాం. ట్యూషన్, హాస్టల్, తిండి, పుస్తకాలు, రాకపోకలు అన్నీ కలిపి కాలేజీలు కాస్ట్ ఆఫ్ అటెండెన్స్ అని ఒక అంకె చూపిస్తాయి, స్టెర్న్‌లో అది ఏడాదికి 90 వేల డాలర్లు దాటింది. న్యూజెర్సీ వాసులకి రట్గర్స్‌లో ట్యూషన్, ఫీజులు 20 వేల చుట్టుపక్కల, హాస్టల్, మీల్ ప్లాన్, మిగతావి కూడా వేస్తే 40 వేల దరిదాపుల్లో ఉంటుంది. చాలామంది మొదటి ఏడాది బిల్లుని నాలుగుతో గుణించి ఊరుకుంటారు, కానీ ప్రతి ఏడాదీ ఎంతో కొంత పెరుగుతూనే ఉంటుంది. ఏడాదికి నాలుగు శాతం పెరుగుదల వేసి చూసుకుంటే స్టెర్న్ నాలుగేళ్లకి 4 లక్షల డాలర్ల దగ్గరికి వెళ్తుంది, రట్గర్స్ లక్షా 70 వేల దగ్గర ఆగుతుంది. తేడా 2 లక్షల 30 వేలు. పిల్లలు ఇంటి నుంచే రట్గర్స్‌కి వెళ్లొస్తే హాస్టల్ ఖర్చు పోయి తేడా ఇంకా పెరుగుతుంది. ఈ తేడా అంతా పన్నులు కట్టాక చేతికొచ్చిన జీతంలోంచి తీయాల్సిన డబ్బు, అంటే దానికోసం సంపాదించాల్సింది ఇంకా ఎక్కువ.

అయితే బోర్డు మీది ధర అందరికీ ఒకటే కాదు. ఇక్కడ ఆదాయం తక్కువ ఉన్న కుటుంబాలు తొందరపడి స్టెర్న్‌ని కొట్టేయకూడదు. ఎన్‌వైయూ ప్రామిస్ అనే పథకం కింద ఏడాదికి లక్ష డాలర్ల లోపు ఆదాయం ఉండి, ఆస్తులు మామూలుగా ఉన్న కుటుంబాల పిల్లలకి ట్యూషన్ పడదు. రట్గర్స్‌లో స్కార్లెట్ గ్యారంటీ అని ఉంది, 65 వేల లోపు ఆదాయం ఉన్న అర్హులైన న్యూజెర్సీ కుటుంబాలకి ట్యూషన్, ఫీజులు గ్రాంట్లతో సరిపోయేలా చూస్తారు. కాబట్టి ఒక్క జీతం మీద నడిచే ఇంటికి స్టెర్న్ రట్గర్స్ కంటే చవగ్గా రావడం కూడా సాధ్యమే, అలా వస్తే నా తీర్పు తిరగేసి చదువుకోండి, వెళ్లనివ్వండి. రెండు కాలేజీల వెబ్‌సైట్లలోనూ నెట్ ప్రైస్ క్యాల్‌క్యులేటర్ (సాయం పోను మనం కట్టాల్సింది అంచనా వేసేది) ఉంటుంది, ఫెడరల్ ఎయిడ్ (కేంద్ర ప్రభుత్వ సాయం) తీసుకునే ప్రతి కాలేజీ 2011 నుంచి దాన్ని పెట్టి తీరాలి. అప్లికేషన్ వేయకముందే మీ పన్ను రిటర్న్ దగ్గర పెట్టుకుని అందులో అంకెలు కొట్టి చూడండి. సీటు వచ్చాక, పిల్ల ఆ కాలేజీ స్వెట్‌షర్ట్ వేసుకుని తిరుగుతున్నప్పుడు ఈ లెక్క మొదలుపెట్టడం ఎవరికీ మంచిది కాదు.

అసలు నలిగేది ఇద్దరూ ఐటీలో పనిచేసే మధ్యతరగతి ఇళ్లు. ఆదాయం కాగితం మీద పెద్దగా కనిపిస్తుంది, ఇంటి లోను, ఇండియాలో అమ్మానాన్నల మందుల ఖర్చు, ఇక్కడ రెండో పిల్లాడి చదువు ఏవీ అందులో కనిపించవు. ఫాఫ్సా (ఫెడరల్ సాయానికి నింపే ఫారం) ఒక్కటే అయితే మనం ఉంటున్న ఇంటి విలువా, రిటైర్‌మెంట్ ఖాతాల్లోని డబ్బూ అడగదు. ఎన్‌వైయూకి ఫాఫ్సాతో పాటు సీఎస్‌ఎస్ ప్రొఫైల్ అనే ఇంకో ఫారం కూడా నింపాలి, అందులో ఇంటి విలువతో సహా చాలా లోతుగా అడుగుతారు. ఇదివరకు ఇంట్లో ఇద్దరు పిల్లలు ఒకేసారి కాలేజీలో ఉంటే ఫాఫ్సా లెక్కలో కొంత ఊరట ఉండేది, 2024-25 నుంచి వచ్చిన కొత్త ఫారంలో అది తీసేశారు. కవలలున్నవాళ్లకీ, ఏడాది రెండేళ్ల తేడాతో పిల్లలున్నవాళ్లకీ ఇది పెద్ద దెబ్బ, దీని గురించి మనవాళ్లలో చాలామందికి ఇప్పటికీ తెలియదు. అర్హత లెక్కలో తేలిన అవసరం మొత్తం తీరుస్తామని ఎన్‌వైయూ అంటుంది, కానీ ఆ అవసరం ఎంతో తేల్చేది వాళ్ల సూత్రం, మన బ్యాంకు బ్యాలెన్స్ కాదు. మా ఇంటికి వచ్చిన ఆఫర్ చూశాక ఆ వాక్యం అర్థం బాగా తెలిసింది.

ఇక అప్పు. ఇది నిదానంగా చదవండి. తల్లిదండ్రుల మీద ఆధారపడిన విద్యార్థికి తన పేరు మీద ఫెడరల్ లోను మొదటి ఏడాది 5,500, రెండో ఏడాది 6,500, తర్వాత రెండేళ్లూ 7,500 చొప్పున వస్తుంది, నాలుగేళ్లకి మొత్తం 27 వేల డాలర్లు. అంతకు మించి కావాలంటే పేరెంట్ ప్లస్ అనే ఫెడరల్ లోను, అది పూర్తిగా తల్లి లేక తండ్రి పేరు మీదే ఉంటుంది, పిల్లలు తర్వాత తీరుస్తామన్నా చట్టం దృష్టిలో బాకీ మనదే. 2025-26లో దాని వడ్డీ 8.94 శాతం, ఇచ్చేటప్పుడే నాలుగు శాతం పైన ఫీజు కోసుకుంటారు. 2026 జులై 1 నుంచి కొత్తగా తీసుకునేవాళ్లకి ఇది కూడా ఒక్కో విద్యార్థికి ఏడాదికి 20 వేలు, మొత్తం 65 వేల దగ్గర ఆగిపోతుంది. ఇదివరకు ఎంత బిల్లు ఉంటే అంతా ఇచ్చేవాళ్లు, ఇప్పుడు మిగిలిన దానికి ప్రైవేట్ లోనే దిక్కు. లక్ష డాలర్లు 9 శాతం వడ్డీకి తీసుకుని 10 ఏళ్లలో తీర్చాలంటే నెలకి సుమారు 1,267 డాలర్లు, మొత్తం కట్టేది లక్షా 52 వేలు. ఆ పదేళ్లూ మనకి ఏ వయసులో వస్తాయో చూసుకోండి. యాభై దాటాక, ఐటీలో లేఆఫ్ అంటే భయపడే రోజుల్లో, ప్రతి నెలా అది పోతూ ఉంటుంది.

నా గీత ఇక్కడే గీశాను: పిల్లల పేరు మీద వచ్చే ఆ 27 వేలు దాటి ఒక్క డాలరు అప్పు అవసరమైనా ఆ బిజినెస్ స్కూల్ మనది కాదు. డాక్టర్ చదువుకి అయితే ఈ గీత వేరే చోట ఉండొచ్చు, బిజినెస్ డిగ్రీకి మాత్రం ఇంతే. ఎందుకంటే ఈ డిగ్రీకి లైసెన్స్ లేదు, జీతం గ్యారంటీ లేదు, కంపెనీలు ఆ ఏడాది ఎలా ఉన్నాయన్న దాని మీద చాలా ఆధారపడుతుంది.

స్టెర్న్‌లో ఏం బాగుందో కూడా న్యాయంగా చెప్పాలి, ఎందుకంటే చాలా బాగుంది. 1900లో మొదలైన స్కూలు, వాషింగ్టన్ స్క్వేర్ పక్కనే వెస్ట్ 4వ వీధిలో ఉంటుంది. మ్యాన్‌హట్టన్‌లోని బ్యాంకులూ ఫండ్లూ సబ్‌వే దూరంలో ఉండటం వల్ల సెమిస్టర్ మధ్యలో కూడా పిల్లలు ఇంటర్న్‌షిప్ చేస్తారు, పొద్దున క్లాసు, మధ్యాహ్నం ఆఫీసు. వేరే ఊళ్లలో ఉన్న కాలేజీల పిల్లలకి ఇది వేసవిలో తప్ప దొరకదు. అక్కడికి పిల్లలు వచ్చేదే ఫైనాన్స్ కోసం, మొదటి సెమిస్టర్ నుంచే ఎవరు ఏ బ్యాంకుకి ఎప్పుడు అప్లై చేయాలో గాల్లోనే తెలిసిపోతుంది, సీనియర్లు చెబుతారు, క్లబ్బులు చెబుతాయి. లండన్, ఫ్లోరెన్స్, ప్రాగ్ లాంటి చోట్ల ఎన్‌వైయూకి సొంత సెంటర్లు, అబుదాబిలో, షాంఘైలో పూర్తి క్యాంపస్‌లు ఉన్నాయి, ఒక సెమిస్టర్ బయట చదవడం అక్కడ మామూలు విషయం. బిజినెస్ మేజర్‌తో (ప్రధాన సబ్జెక్టుతో) పాటు డేటా సైన్స్ లాంటివి కలిపి చేసుకునే వీలూ ఉంది. పిల్ల ఆ క్యాంపస్ చూసి వచ్చి దాని గురించే మాట్లాడుతుంటే తప్పు పట్టలేం.

నచ్చనివి కూడా ఉన్నాయి. కోర్ (అందరూ చదవాల్సిన) క్లాసుల్లో ‘ఏ’ (A) గ్రేడ్లు దాదాపు మూడో వంతు మందికి మించకుండా చూసే పద్ధతి స్టెర్న్‌లో ఎప్పటినుంచో పేరు మోసింది. గదిలో ఉన్నవాళ్లంతా హైస్కూల్ టాపర్లే, అందులో మూడింట రెండు వంతుల మందికి ‘ఏ’ రాదు. బ్యాంకులు రెజ్యూమెలో జీపీఏ (గ్రేడ్ల సగటు) చూస్తాయి కాబట్టి టెన్షన్ ఎప్పుడూ ఉంటుంది. మా అమ్మాయి స్నేహితురాలు చాలా గట్టి పిల్ల, తట్టుకుంది, కానీ మొదటి ఏడాదంతా ఆ పిల్ల గొంతు ఎలా ఉండేదో నాకు గుర్తుంది. ఇంకోటి, మామూలు కాలేజీల్లా గేటూ, పచ్చిక మైదానం ఉన్న క్యాంపస్ అక్కడ లేదు, ఊరే క్యాంపస్. కొందరికి అదే ఇష్టం, కొందరు ఒంటరితనంతో ఇబ్బంది పడతారు. పిల్ల స్వభావం తెలిసిన తల్లిదండ్రులు ఈ మాట పిల్లతో ముందే మాట్లాడుకోవాలి.

రట్గర్స్ విషయానికి వస్తే ముందు ఒక చిన్న సంగతి. రట్గర్స్ బిజినెస్ స్కూల్ పేరుతో న్యూఆర్క్‌లోనూ న్యూ బ్రన్స్‌విక్‌లోనూ అండర్‌గ్రాడ్ కోర్సులు ఉన్నాయి, క్యామ్డెన్‌లో ఉన్నది వేరే బిజినెస్ స్కూలు. అప్లికేషన్‌లో ఏది ఎంచుకున్నారో సరిచూసుకోండి. నేను చెప్పేది న్యూ బ్రన్స్‌విక్ గురించి. అలాగే సీటు వచ్చింది నేరుగా బిజినెస్ స్కూల్లోనా, ఆర్ట్స్ అండ్ సైన్సెస్‌లోనా అన్నది ఉత్తరంలో చదవండి, ఎందుకంటే తర్వాత బిజినెస్‌లోకి మారడం పోటీతో కూడిన పని. ఆర్ట్స్ అండ్ సైన్సెస్‌లో సీటు వస్తే ఈ పోలిక మొత్తం మారిపోతుంది.

బిజినెస్ స్కూల్ భవనం పిస్కాటవేలోని లివింగ్‌స్టన్ క్యాంపస్‌లో ఉంది, కొత్తగా, విశాలంగా, చూడగానే బాగుందనిపిస్తుంది. అయితే రట్గర్స్ న్యూ బ్రన్స్‌విక్ అంటే బుష్, లివింగ్‌స్టన్, కాలేజ్ అవెన్యూ, కుక్, డగ్లస్ అని ఐదు క్యాంపస్‌లు రెండు ఊళ్ల మీద పరుచుకుని ఉంటాయి, ఒక క్లాసు నుంచి ఇంకో క్లాసుకి కాలేజీ బస్సు ఎక్కాలి. టైం టేబుల్ వేసుకునేటప్పుడు ఒక రోజు క్లాసులన్నీ ఒకే క్యాంపస్‌లో పడేలా చూసుకుంటే ప్రాణం హాయిగా ఉంటుంది. మొదటి రెండేళ్ల క్లాసులు పెద్దవి, ప్రొఫెసర్‌కి మీ పేరు తెలియాలంటే మీరే ఆఫీస్ అవర్స్‌కి (ప్రొఫెసర్ విద్యార్థుల్ని కలిసే టైంకి) వెళ్లాలి. సిగ్గుపడి వెనక బెంచీలో కూర్చునే పిల్ల నాలుగేళ్లూ అలాగే గడిపేయొచ్చు, ఎవరూ చెయ్యి పట్టుకుని ముందుకి తీసుకురారు. రట్గర్స్‌లో నాకు అన్నిటికంటే బరువుగా తోచిన లోపం ఇదే, డబ్బు ఆదా అవుతోందని దీన్ని చిన్నగా చూడకూడదు.

మంచి ఏంటంటే, ఈ స్కూలు న్యూజెర్సీ పరిశ్రమలకి అతుక్కుని పెరిగింది. జాన్సన్ అండ్ జాన్సన్ ప్రధాన కార్యాలయం న్యూ బ్రన్స్‌విక్‌లోనే ఉంది, మెర్క్ రావేలో, ప్రుడెన్షియల్ న్యూఆర్క్‌లో, ఏడీపీ రోజ్‌లాండ్‌లో. న్యూఆర్క్, ఎలిజబెత్ పోర్టు పక్కనే ఉంది, అందుకే ఇక్కడ సప్లై చెయిన్ (సరుకుల సేకరణ, రవాణా చూసే పని) మేజర్ మామూలు మేజర్‌లా ఉండదు, కంపెనీలు వెతుక్కుంటూ వస్తాయి. మందుల కంపెనీలకి సప్లై చెయిన్ మనుషులు ఎంత అవసరమో కోవిడ్ రోజుల్లో అందరం చూశాం. అకౌంటింగ్‌కి డెలాయిట్, పీడబ్ల్యూసీ, ఈవై, కేపీఎంజీ నాలుగూ రట్గర్స్ నుంచి పిల్లల్ని తీసుకుంటాయి. మనవాళ్లు ఎక్కువగా వెళ్లేది బిజినెస్ అనలిటిక్స్ అండ్ ఇన్ఫర్మేషన్ టెక్నాలజీకి, దాన్ని పిల్లలు బెయిట్ అంటారు, కోడింగ్ కొంచెం, బిజినెస్ కొంచెం కలిసిన మేజర్. మా అమ్మాయి ఫైనాన్స్‌తో పాటు సప్లై చెయిన్ పెట్టుకుంది. నిరుడు వేసవిలో ఒక మందుల కంపెనీ ఫైనాన్స్ విభాగంలో ఇంటర్న్‌షిప్ చేసింది, జీతంతో. ఈ రెండూ కలిపి తీసుకోమని చెప్పింది నేను కాదు, ఒక సీనియర్, ఆ పిల్లకి మా ఇంటిల్లిపాదీ రుణపడి ఉన్నాం.

ఇప్పుడు అసలు ప్రశ్నకి వద్దాం, ఆ 2 లక్షల 30 వేలు ఏం కొంటున్నాయి? నేను ఇద్దరు పిల్లల్నీ, వాళ్ల స్నేహితుల్నీ, మా ఆఫీసులో కొత్తగా చేరిన వాళ్లనీ అడిగి తేల్చుకున్నది ఏంటంటే, అవి కొనేది ముఖ్యంగా ఒక్క తలుపు: వాల్ స్ట్రీట్ పెద్ద బ్యాంకుల్లో ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకింగ్, ట్రేడింగ్, పేరున్న కన్సల్టింగ్ కంపెనీలు. ఈ ఉద్యోగాల్లో మొదటి ఏడాది బేస్ జీతమే పెద్ద బ్యాంకుల్లో లక్ష డాలర్లు దాటుతుంది, బోనస్ వేరే. ఆ కంపెనీలకి టార్గెట్ స్కూళ్లని కొన్ని ఉంటాయి, క్యాంపస్‌కి వచ్చేదీ, పిల్లల్ని కాఫీకి పిలిచేదీ, రెజ్యూమెలు ముందు చూసేదీ అక్కడే. స్టెర్న్ ఆ జాబితాలో ఉంది. రట్గర్స్ ఆ వరసలో లేదు. అక్కడి నుంచి కూడా ప్రతి ఏడాదీ పిల్లలు ఆ బ్యాంకుల్లోకి వెళ్తారు, రోడ్ టు వాల్ స్ట్రీట్ అనే కార్యక్రమం ఉంది, లిబోర్ అని పిల్లలు నడిపే బ్యాంకింగ్ క్లబ్ ఉంది, కానీ దారి ఇరుకు, పిల్ల తానే మనుషుల్ని వెతుక్కుని, లింక్డిన్‌లో పాత విద్యార్థులకి మెసేజ్‌లు పెట్టి, పదిమందిలో ఒకరు జవాబిస్తే దాన్ని పట్టుకుని వెళ్లాలి.

పైగా ఈ బ్యాంకుల క్యాలెండర్ చాలా ముందు నడుస్తుంది. మూడో ఏడాది తర్వాత వచ్చే వేసవి ఇంటర్న్‌షిప్పే ఉద్యోగానికి మెట్టు, దానికి అప్లికేషన్లు రెండో ఏడాదిలోనే, ఏడాదికి పైగా ముందే తెరుచుకుంటాయి. అంటే 19 ఏళ్ల పిల్ల కాలేజీలో కుదురుకునే లోపే ఇంటర్వ్యూలకి సిద్ధంగా ఉండాలి. స్టెర్న్‌లో పక్క గదిలో పిల్ల ప్రిపేర్ అవుతుంటే చూసైనా మొదలుపెడతారు. రట్గర్స్‌లో ఈ సంగతి తెలిసేసరికి చాలామందికి ఆ సీజన్ దాటిపోయి ఉంటుంది. కాబట్టి రట్గర్స్ ఎంచుకుని బ్యాంకింగ్ మీద ఆశ ఉన్న పిల్లలు మొదటి సెమిస్టర్ సెప్టెంబర్‌లోనే క్లబ్‌లో చేరాలి, ఒక వేసవి వృథా చేయకూడదు. మా అమ్మాయి స్నేహితురాలికి ఒక బ్యాంకులో సమ్మర్ అనలిస్ట్‌గా (ఆ వేసవి ఇంటర్న్‌షిప్) అవకాశం వచ్చింది, నిజంగా గొప్ప సంగతి, స్టెర్న్‌లో ఉండటం దానికి సాయపడింది, అందులో సందేహం లేదు.

కానీ ఆ తలుపు పక్కన పెట్టి చూడండి. పెద్ద అకౌంటింగ్ సంస్థలో స్టెర్న్ నుంచి వచ్చిన పిల్లకీ రట్గర్స్ నుంచి వచ్చిన పిల్లకీ ఒకే ఆఫీసులో, ఒకే పనికి మొదలు జీతం ఒకటే. కంపెనీ ఫైనాన్స్ విభాగాల్లోనూ, సప్లై చెయిన్‌లోనూ, అనలిటిక్స్‌లోనూ, ఇన్సూరెన్స్‌లోనూ ఇంచుమించు ఇంతే. మా ఆఫీసులో పక్కపక్క డెస్కుల్లో కూర్చున్న ఇద్దరు కొత్త అనలిస్టుల్లో ఒకరు నెల నెలా పెద్ద వాయిదా కడుతూ రూమ్‌మేట్‌లతో సర్దుకుంటున్నారు, ఇంకొకరు అప్పుడే ఇంటి డౌన్ పేమెంట్‌కి దాస్తున్నారు, చేసే పని మాత్రం ఒకే స్ప్రెడ్‌షీట్. సీపీఏ (లైసెన్స్ ఉన్న అకౌంటెంట్) అవ్వాలనుకునే పిల్లలకి ఇంకో లెక్క కూడా ఉంది. లైసెన్స్‌కి రాష్ట్రాలు ఏళ్ల తరబడి 150 క్రెడిట్లు (పాసైన కోర్సులకి లెక్కేసే యూనిట్లు) అడుగుతూ వచ్చాయి, మామూలు డిగ్రీకి ఉండేవి 120, ఇప్పుడు కొన్ని రాష్ట్రాలు వేరే దారులు తెరుస్తున్నాయి. ఆ అదనపు 30 క్రెడిట్లు ఎన్‌వైయూ ధరకి కొనడం, రట్గర్స్ ధరకి కొనడం ఒకటి కాదు. హైస్కూల్లో ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ అనే కాలేజీ స్థాయి) పరీక్షల్లో 4, 5 మార్కులు తెచ్చుకున్న పిల్లలకి క్రెడిట్లు కొన్ని ముందే చేతిలో ఉంటాయి కాబట్టి రట్గర్స్‌లో ఈ పని ఇంకా సులువు.

మిగిలిన డబ్బు ఏమవుతుందన్నది నాకు చాలా ముఖ్యం. బిజినెస్‌లో పైకి వెళ్లేవాళ్లు చాలామంది నాలుగైదేళ్లు పనిచేసి ఎంబీఏ చేస్తారు, అప్పుడు స్కూల్ పేరుకి విలువ అండర్‌గ్రాడ్ కంటే ఎక్కువ. ఎంబీఏ అడ్మిషన్లలో చూసేది ముఖ్యంగా ఏం పని చేశావన్నది. ఇదివరకు గ్రాడ్ ప్లస్ అనే ఫెడరల్ లోనుతో ఎంబీఏ ఖర్చు మొత్తం లాగేవాళ్లు, 2026 జులై నుంచి కొత్తవాళ్లకి ఆ లోనే లేదు, ఎంబీఏ లాంటి కోర్సులకి ఫెడరల్ లోను ఏడాదికి 20,500, మొత్తం లక్ష డాలర్లకి కట్టేశారు. కాబట్టి ఇప్పుడు అండర్‌గ్రాడ్‌లోనే దాచుకున్నదంతా ఊడ్చేస్తే తర్వాత పిల్ల నిజంగా పెద్ద స్కూల్లో సీటు తెచ్చుకున్నప్పుడు చేతిలో ఏమీ ఉండదు. 529 ఖాతాలో (చదువు కోసం పన్ను రాయితీతో దాచుకునే ఖాతా) మిగిలిన డబ్బు ఎంబీఏకి వాడొచ్చు, తమ్ముడి పేరుకో చెల్లెలి పేరుకో మార్చొచ్చు, ఖాతాకి 15 ఏళ్లు నిండితే కొన్ని షరతులతో 35 వేల వరకు పిల్ల రాత్ ఐఆర్‌ఏ అనే రిటైర్‌మెంట్ ఖాతాలోకి కూడా పంపొచ్చు. మేం మిగిల్చింది చిన్నదాని చదువుకి ఉంటుంది.

అమ్మాయి ఏడవలేదా అని అడుగుతారు. బాధపడింది. స్టెర్న్ ఉత్తరం వచ్చిన రోజు ఇంట్లో పండగలా ఉంది, వాళ్ల నాన్న అందరికీ ఫోన్లు చేశారు, తర్వాత లెక్క ముందు పెట్టాక రెండు రోజులు మాతో సరిగ్గా మాట్లాడలేదు. మేం చేసింది ఒకటే, అంకెలు దాచలేదు. జీతాలెంత, ఇంటి లోను ఎంత, రిటైర్‌మెంట్‌కి ఎంత ఉంది, అమ్మమ్మా తాతయ్యలకి ఎంత పంపుతున్నాం అన్నీ కాగితం మీద పెట్టి తన ముందే కలిపాం. మన ఇళ్లలో పిల్లలకి డబ్బు సంగతులు చెప్పడం అలవాటు లేదు, నువ్వు చదువుకో, మిగతాది మేం చూసుకుంటాం అంటాం, ఆ మాట ప్రేమతో అన్నదే అయినా 17 ఏళ్ల పిల్లకి 4 లక్షల నిర్ణయంలో సగం సమాచారం ఇవ్వకపోవడం అన్యాయం. బిజినెస్ చదవబోయే పిల్ల బ్యాలెన్స్ షీట్ మన ఇంట్లోనే మొదట చూడాలి.

మినహాయింపు అన్నాను కదా. రెండూ కలిసి ఉంటే స్టెర్న్‌కి పంపండి: ఖర్చు మొత్తం దాచిన డబ్బులోంచి, రిటైర్‌మెంట్ ముట్టుకోకుండా, ఇంటి మీద కొత్త లోను లేకుండా వచ్చేలా ఉండాలి, పిల్లకి బ్యాంకింగ్ అంటే వారానికి 80 గంటలు స్లైడ్లూ మోడళ్లూ అని తెలిసి కూడా అదే కావాలని ఉండాలి. డబ్బుండి పిల్లకి ఏం కావాలో తెలియకపోతే రట్గర్స్‌లో రెండేళ్లలో తెలుసుకుంటుంది. పట్టుదల ఉండి డబ్బు లేకపోతే ఆ పట్టుదలే రట్గర్స్ నుంచి దారి తవ్వుకుంటుంది. మధ్యలో ఇంకో దారి ఉందని కొందరు అంటారు, ఎడిసన్‌లోనో మెట్రోపార్క్‌లోనో రైలెక్కి పెన్ స్టేషన్‌లో దిగి సబ్‌వేలో వెస్ట్ 4వ వీధికి రోజూ వెళ్లొచ్చి స్టెర్న్ హాస్టల్ ఖర్చు మిగుల్చుకోవడం. లెక్కకి బాగానే ఉంటుంది, ఏడాదికి 20 వేలు తగ్గొచ్చు, కానీ స్టెర్న్‌లో డబ్బు పెట్టేదే సాయంత్రం ఆరు తర్వాత జరిగే క్లబ్బులకీ కంపెనీల మీటింగులకీ, పరిచయాలకీ. అవి వదిలేసి రైలు పట్టుకునే పిల్లకి ఆ ధరలో సగం వృథా.

హెచ్-4 (హెచ్-1బీ ఉద్యోగుల కుటుంబానికి ఇచ్చే వీసా) మీద ఉన్న పిల్లల గురించి విడిగా చెప్పాలి, మనవాళ్లలో ఇలాంటి ఇళ్లు చాలా ఉన్నాయి. వాళ్లకి ఫెడరల్ లోన్లూ గ్రాంట్లూ రావు, పైన చెప్పిన 27 వేలు కూడా లేవు. హెచ్-4 మీద ఉంటే జీతం వచ్చే ఇంటర్న్‌షిప్ చేయడానికి కుదరదు, 21 నిండితే ఆ స్టేటస్సే పోతుంది, ఎఫ్-1 విద్యార్థి వీసాకి మారాలి. ఇన్‌స్టేట్ (రాష్ట్ర వాసులకి ఉండే తక్కువ) ఫీజు తమకి వర్తిస్తుందో లేదో రట్గర్స్ రెసిడెన్సీ ఆఫీసుకి రాతపూర్వకంగా అడిగి, జవాబు కూడా రాతలోనే తీసుకోండి. వీసా భయం ఉన్న ఇంటికి అప్పు లేకుండా చదువు ముగించడం ఇంకా అవసరం, ఎందుకంటే డిగ్రీ అయ్యాక ఇక్కడే పనిచేస్తారన్న నమ్మకం మీద తీసుకున్న డాలర్ల అప్పు ఇంకో దేశపు జీతంతో తీర్చడం చాలా కష్టం.

అప్లికేషన్ దశలో ఉన్నవాళ్లకి ఒక హెచ్చరిక. ఎన్‌వైయూలో ఎర్లీ డెసిషన్ రెండు విడతలుంటుంది, అది వేస్తే సీటు వస్తే చేరతామని మాట ఇచ్చినట్టే, మిగతా కాలేజీల ఆఫర్లు చూసి పోల్చుకునే అవకాశం పోతుంది. డబ్బు లెక్క చూడాల్సిన ఇంటి నుంచి ఎవరూ దాన్ని వేయకండి, కౌన్సెలర్ అవకాశాలు పెరుగుతాయని చెప్పినా సరే. రట్గర్స్‌లో ఎర్లీ యాక్షన్ ఉంది, అది ఎవరినీ కట్టిపడేయదు, నిశ్చింతగా వేయండి. ఇప్పటికే రెండు ఉత్తరాలూ చేతిలో ఉన్నవాళ్లు మే 1 లోపు తేల్చాలి. ఆ లోపు ఎన్‌వైయూ ఎయిడ్ ఆఫీసుకి అప్పీల్ పెట్టండి, ఉద్యోగం పోవడం, పెద్ద వైద్య ఖర్చు, గత పన్ను రిటర్న్‌లో కనిపించని మార్పు ఏదైనా ఉంటే కాగితాలతో సహా పంపండి. అమెరికా విద్యాశాఖ నడిపే కాలేజ్ స్కోర్‌కార్డ్ సైట్‌లో రెండు స్కూళ్ల పేర్లూ కొట్టి, పిల్ల తీసుకోబోయే మేజర్‌కి చదువయ్యాక వస్తున్న జీతాలూ, సగటు బాకీలూ పక్కపక్కన పెట్టి చూడండి. అప్పీల్‌కి జవాబు రావడానికి టైం పడుతుంది, ఏప్రిల్ మొదటి వారంలోనే పెట్టేయండి.